మన పట్నాల చరిత్ర – కొత్త దంపతుల తొలి ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. మన కుటుంబాల్లో ఇప్పుడీ రెండు పనులూ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడుతున్నవి. నికా అయిన రెండేళ్ళకే పాతబస్తీలోని ఉమ్మడి ఇంట్లో చోటు చాలక, "ఊరి బయట రెండు సెంట్లు చూసుకుందాం" అని పిల్లలు అడుగుతున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఉపాధ్యాయులమని మామీద గౌరవంతో సభ్యులు దస్తావేజులు చదివించుకునేదానికి మా దగ్గరికి వస్తుంటారు. చదివి చెప్తాము. కానీ "ఈ స్థలం ఇంత చౌకగా ఎందుకు వస్తోంది?" అన్న ప్రశ్నకు దస్తావేజులో జవాబు ఉండదు. ఊరి చరిత్రలో ఉంటుంది. ఆ చరిత్రలో ఇల్లు కొనేవాళ్ళకు పనికొచ్చే భాగాన్ని ఈ వ్యాసంలో మనవి చేస్తున్నాము.

ఏటి ఒడ్డున పుట్టిన ఊరు

తుంగభద్రా నదిలో హంద్రి కలిసేచోట కర్నూలు పుట్టింది. కోటకు నీళ్ళు కావాలి, శత్రువుకు అడ్డం కావాలి. ఏరు రెండు పనులూ చేసేది. విజయనగర కాలపు ఆ కోటలో ఈనాడు మనకు కొండారెడ్డి బురుజు మిగిలింది. కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి హంద్రి ఒడ్డునే ఉంది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఇంగ్లీషువాళ్ళు గద్దె దించేవరకూ కోట చుట్టే ఊరు బతికింది. సిపాయిలు, చేతిపనివాళ్ళు, వర్తకులు మసీదుకూ బజారుకూ దగ్గరగా, అంటే ఏటికి దగ్గరగానే ఇళ్ళు వేసుకున్నారు. నీళ్ళు కావిళ్ళతోనో తోలుసంచులతోనో మోయించుకునే రోజుల్లో ఏటిఒడ్డు ఇల్లంటే పెద్దింటి కిందే లెక్క.

1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు సుంకేసుల నుంచి కడప దాకా కర్నూలు–కడప కాలువ తవ్వించారు. నష్టాలు వచ్చి 1882లో దాన్ని ప్రభుత్వానికి అప్పజెప్పారు. హంద్రి మీదుగా ఆ కాలువను దాటించిన కట్టడాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ తర్వాతి కాలంలో కుళాయిలు వచ్చాయి. కుళాయి వచ్చాక ఏటికి దగ్గరగా ఉండాల్సిన అవసరం తీరిపోయింది. డబ్బున్నవాళ్ళు మెల్లగా మిట్టకు పోయారు. లేనివాళ్ళు, తాతల ఇల్లు విడవలేనివాళ్ళు పల్లంలోనే ఉండిపోయారు.

గుడారాల రాజధాని

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. ఆఫీసులకు భవనాలు లేవు, ఉద్యోగులకు ఇళ్ళు లేవు. గుడారాలు వేసి పని నడిపించారు. ఈనాటికీ మనం ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు ఆ కాలపు గుర్తులే. పాతబస్తీ బయట గీతలు గీసి, రోడ్లు వేసి, వరసగా క్వార్టర్లు కట్టిన పేటలవి.

మూడేళ్ళు గడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. ఆఫీసులు పోయినా రోడ్డు, నీటి గొట్టం, చెట్లు ఊరికి మిగిలాయి. క్యాంపులకు ఆ తర్వాత కూడా విలువ నిలిచిందంటే దానికి కారణం ఈ వసతులే.

ఇటువంటి ముచ్చటే మన కళ్ళముందు మళ్ళీ జరిగింది. కర్నూలును న్యాయరాజధాని చేస్తామని 2020లో చట్టం వచ్చింది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ మధ్యకాలంలో హైకోర్టు పేరు చెప్పి, 2021లో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయం పేరు చెప్పి బీడు పొలాల్లో రాళ్ళు పాతి అమ్మినవాళ్ళు ఉన్నారు. రాబోయేదాన్ని చూపి అమ్మే స్థలం, జీతం మీద బతికే కొత్త దంపతులకు తగదు. ఉన్న రోడ్డు, ఉన్న కుళాయి, ఉన్న బస్సు చూసి కొనాలి.

నీళ్ళు గీసిన పటం

2009 అక్టోబరు 2. ఆ తేదీ చెప్తే చాలు, పాతబస్తీవాళ్ళకు వేరే వివరం అక్కరలేదు. ఎగువన కుండపోత వానలకు హంద్రి పొంగింది, తుంగభద్ర పొంగింది. దిగువన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిపడింది. రెండు ఏర్లు కలిసేచోట ఒక చిక్కు ఉంది. పెద్ద ఏరు నిండుగా పారుతుంటే చిన్న ఏటి నీళ్ళు అందులోకి పోయే దారి ఉండదు. అవి వెనక్కి తన్ని వీధుల్లోకి వస్తాయి. పాతబస్తీ, జొహరాపురం, బుధవారపేట మునిగిపోయాయి. మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు ఎందరో. పెళ్ళికని దాచిన బట్టలు, కుట్టు మిషన్లు, దుకాణంలో సరుకు, దస్తావేజులు అన్నీ బురదయ్యాయి. మా తరగతి పిల్లల్లో కొందరు పుస్తకం అన్నది లేకుండా బడికొచ్చారు.

ఆ వరద ఊరికి ఒక పటం గీసి ఇచ్చింది. ఏ వీధిలో మోకాలి లోతు, ఏ వీధిలో కప్పు దాకా అన్నది గోడల మీద చారలై నిలిచింది. తర్వాత ఆ గోడలకు సున్నం పడింది. కొత్తగా కొనేవాళ్ళకు చార కనపడదు. అందుకే స్థలం చూసేదానికి పోయినప్పుడు బ్రోకరును కాదు, పక్కింటి ముసలమ్మను అడగాలి: "అమ్మా, ఆ ఏడు నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?"

కడపలో బుగ్గవంక

కడపను ఒకనాడు నేక్‌నాంఖాన్ పేరు మీద నేక్‌నామాబాద్ అనేవాళ్ళు. అక్కడ ఊరి మధ్య పారేది బుగ్గవంక. పాలకొండల నుంచి దిగి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటుంది గనక జనం దాన్ని వంక అని మరిచిపోతారు. గట్టు మీద గుడిసె, గుడిసె పక్కన గోడ, గోడ మీద కప్పు వస్తుంది. 2001లో వంక పొంగింది. 2020 నవంబరులో నివర్ తుపానుకు మళ్ళీ ఇళ్ళలోకి వచ్చింది. ఎండిన వంకను చూసి ధైర్యం చేయరాదని ఈ రెండు సంవత్సరాలూ చెప్తున్నవి.

కడపకు ఇంకో పాఠం కూడా ఉంది. 2001 జనాభా లెక్కల్లో ఊరి జనం దాదాపు 1 లక్షా 26 వేలు. 2011లో 3 లక్షల 40 వేలు దాటారు. అంతమంది కొత్తగా వచ్చిపడలేదు. 2004లో కార్పొరేషన్ అయినప్పుడు చిన్నచౌకు, చెమ్ముమియాపేట వంటి చుట్టుపక్కల ఊళ్ళు పట్నంలో కలిశాయి. పల్లె లెక్కన స్థలం కొన్నవాళ్ళు పట్నంవాళ్ళయ్యారు. పన్ను ముందు వచ్చి, కాలువ, కుళాయి వెనక వచ్చే వీధులు ఇట్లాంటివే. ఊరి అంచున కొనేవాళ్ళు ఈ ఆలస్యాన్ని కూడా ధరలో కలుపుకోవాలి.

పల్లం చౌక, మిట్ట చౌక

మన సీమలో స్థలం రెండు కారణాలకు చౌక అవుతుంది. పల్లం అయితే నీళ్ళు వస్తాయని చౌక. మిట్ట అయితే నీళ్ళు రావని చౌక. బేతంచెర్ల బండలో, కడప బండలో పరిస్తే గచ్చు తక్కువలో అయిపోతుంది. బోరు మాత్రం తక్కువలో కాదు. ఎండాకాలంలో అది ఎండితే ట్యాంకరు, తాగేదానికి క్యాను, పనికి పోయేదానికి ఆటో. ఈ మూడింటి నెల ఖర్చు కాగితం మీద వేసుకోండి. ఊళ్ళో అద్దెకున్నదానికీ, చౌక స్థలంలో సొంత ఇంటికీ తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది. కొన్నిచోట్ల తేడా మిగులుతుంది, కొన్నిచోట్ల మిగలదు.

ఇంకో చౌక ఉంది, అది కాగితం సరిగ్గా లేని చౌక. ప్రభుత్వం పేదలకిచ్చిన డి పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చాయి గనక ఆ సర్వే నంబరు ఇప్పుడు ఎట్లా ఉందో తహశీల్దారు ఆఫీసులో విచారించాలి. వక్ఫ్ భూమిని కొంటే ఆ కొనుగోలు చెల్లదు. పైగా అది మన మసీదు, మన ఖబ్రస్తాన్ సొత్తు. నిషేధిత భూముల 22-ఎ జాబితా, ఇ.సి., లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అనుమతి – ఈ నాలుగూ చూడకుండా బయానా ఇవ్వరాదు. "నోటరీ చాలు" అని ఎవరన్నా అంటే లేచి వచ్చేయండి.

బడి దూరం

ఉర్దూ బళ్ళు ఎక్కువగా పాత పేటల్లోనే ఉన్నవి. దూరపు కాలనీకి పోయిన కుటుంబాల పిల్లలు మొదట ఆటోలో వస్తారు. ఆటో ఖర్చు భారమైతే ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే. ఇది మేము ఏటేటా హాజరు పట్టీలో చూస్తున్న సంగతి. దగ్గర్లో ఏ మాధ్యమం బడి అయినా సరే, నడిచిపోయే దూరంలో ఉందా అన్నది స్థలం కొనేనాడే చూడాలి. అప్పటికి ఇంట్లో పిల్లలు లేకపోయినా చూడాలి.

అత్తమామలకు ఒక మాట. స్థలం చూసేదానికి కొడుకును, బావమరిదిని, బ్రోకరును తీసుకుపోతున్నారు. కోడలిని కూడా తీసుకుపొండి. పగలంతా ఆ ఇంట్లో ఉండేది, ట్యాంకరు కోసం కాచుకునేది, పొద్దుగూకినాక ఆ దారిన నడిచి రావలసింది ఆ బిడ్డే. పగలొకసారి, రాత్రొకసారి, వానాకాలంలో ఒకసారి చూసి, ఆ బిడ్డ సరేనన్నాకనే బయానా ఇవ్వండి.

చివరగా సొసైటీకి మా మనవి. 2009లో కర్నూలులో, 2001లోనూ 2020లోనూ కడపలో ఏ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పగల పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. వారి మాటలు వీధివారీగా ఒక రిజిస్టరులో రాయించి సొసైటీ ఆఫీసులో ఉంచుదాం. ఇల్లు కొనబోయే ప్రతి జంటా ముందు దాన్ని తిరగేసి పోవాలి. రాసే పని మేము చేస్తాము. సెలవు రోజుల్లో మీ వీధికి వస్తాము, చెప్పే పెద్దలను కూర్చోబెట్టండి.