గ్రామస్థుల భాగస్వామ్యంతో పర్యావరణ, ఆరోగ్య ప్రణాళిక

ఊరి నేలనూ నీటినీ మనుషుల ఆరోగ్యాన్నీ కాపాడే ప్రణాళికలో గ్రామస్థులే నిర్ణేతలు కావడం న్యాయమే కాదు, ఆచరణలో అవసరం కూడా. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల ఇందుకు గట్టి సాక్ష్యం. అక్కడ పత్తి చేలపై కొట్టిన పురుగుమందులు రైతులకు అప్పులనూ అనారోగ్యాన్నీ మిగిల్చాయి. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పడగా రైతులు వేపగింజల కషాయానికీ, లింగాకర్షక బుట్టలకూ, ఎర పంటలకూ మళ్లారు. మహిళా సంఘాలు ఇంటింటా పట్టుబట్టాయి. 2004 నాటికి పునుకుల పురుగుమందులు లేని ఊరుగా తనను తాను ప్రకటించుకుంది. ఇది ఊరంతా కలిసి తీసుకోవలసిన నిర్ణయమే: ఒక్కరు మానేసినా, పక్క చేలో కొట్టిన మందు మిత్రపురుగులను చంపుతూనే ఉంటుంది.

పల్లెవాసులకు శాస్త్రం తెలియదన్నది తరచూ వినిపించే అభ్యంతరం. లింగాకర్షక బుట్ట శాస్త్రవేత్తలు ఇచ్చిందే, నిజం. కానీ అందులో పడ్డ రెక్కల పురుగులను లెక్కించి, ఎప్పుడేం చేయాలో తేల్చుకోవలసింది చేలో ఉన్న రైతే. ఒక్క ఊరి అనుభవం అంతటా చెల్లదన్న వాదన ఇంకొకటి. కానీ 2004-05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ పురుగుమందులు లేని ఈ సాగు పద్ధతిని మహిళా సంఘాల ద్వారానే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అనేక గ్రామాలకు విస్తరించింది. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది: గ్రామసభలో భూస్వాముల మాటే చెల్లుతుందని. మందు పిచికారీ చేసే కూలీలకూ కౌలు రైతులకూ విడిగా చోటు కల్పించని ప్రణాళికకు ఈ విమర్శ పూర్తిగా వర్తిస్తుంది.