దండ పడే విగ్రహం వెనక కాగితాలు

ఏటా అక్టోబర్ 15న ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్‌చాంబర్ దగ్గర రఘుపతి వెంకయ్య నాయుడి విగ్రహానికి దండ పడుతుంది. తెలుగు సినీ పరిశ్రమ పితామహుడంటూ నాలుగు మాటలు చెప్పి, ఫొటో దిగి, ఎవరి షూటింగుకు వాళ్లు వెళ్లిపోతారు. జూబ్లీహిల్స్‌లో వంశాల లెక్క అందరికీ కంఠతా వచ్చు. ఫ్లెక్సీ మీద తాత, కొడుకు, మనవడు వరసగా నిలబడే పేట ఇది. ఈ వంశవృక్షానికి వేరు మాత్రం ఇక్కడ లేదు. అక్కినేని అన్నపూర్ణ స్టూడియో తెరిచింది 1976లో. అంతకు అరవై ఏళ్ల ముందటి కథంతా మద్రాసులో, అదీ కాగితాల మీదే ఉంది.

వెంకయ్య 1869లో బందరులో పుట్టారు. తండ్రి పటాలంలో సుబేదారు. కొడుకు తుపాకీ పట్టలేదు, కెమెరా పట్టాడు. మద్రాసు చేరి ఫొటో స్టూడియో పెట్టి, బాగానే సంపాదించాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు. గ్రామఫోను పళ్లెం తిరుగుతుంటే దానికి సరిపడా తెరమీద బొమ్మ ఆడించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం గురించి చదివి, 1910 ప్రాంతంలో స్టూడియో తాకట్టు పెట్టి దాన్ని తెప్పించాడు. ఖరీదు 30 వేల రూపాయలని చెబుతారు. ఆ రోజుల్లో అది ఇల్లూ పొలమూ కలిపినా రాని మొత్తం. విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆటలు వేసి, తర్వాత బెంగళూరు, బెజవాడ తిరిగి, సముద్రం దాటి సింహళం, రంగూన్ దాకా వెళ్లాడు. తిరిగొచ్చాక మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు కట్టాడు. గెయిటీ తెరిచిన ఏడు కొన్ని పుస్తకాల్లో 1912, కొన్నింట్లో 1914. పితామహుడి జీవితంలో ముఖ్యమైన ఘట్టానికే రెండేళ్ల తేడా!

కొడుకు సూర్యప్రకాశ్‌ను సినిమా పని నేర్చుకోమని లండన్ పంపించాడు. ప్రకాశ్ తిరిగొచ్చి ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ కంపెనీలో 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. భీష్ముడు తానే, గంగ పాత్రకు పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి. మూకీ కాబట్టి గంగకు తెలుగు రావాల్సిన అవసరం లేకపోయింది. ఆ సినిమా రీలు ఇవాళ లేదు. థియేటర్లు చేతులు మారాయి, ఆస్తి కరిగిపోయింది. 1941లో వెంకయ్య పోయారు.

రీలు పోయాక చరిత్ర రాసేవాడికి దిక్కు కాగితమే. అదృష్టం కొద్దీ 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం అమలై, 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు ఏర్పడ్డాయి. సెన్సార్ అంటే సినిమావాళ్లకు కత్తెర గుర్తొస్తుంది గానీ, పరిశోధకుడికి అది జననాల రిజిస్టరు. సినిమా పేరు, నిడివి, సర్టిఫికెట్ తేదీ అన్నీ అందులో ఉంటాయి. వీటితోపాటు పాత పత్రికల్లో ప్రకటనలు. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రికైంది. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల పాత సంచికల్ని ఇప్పటికీ తిరగేయొచ్చు.

ఈ కాగితాల బలమేమిటో ‘భక్త ప్రహ్లాద’ విషయంలో తేలింది. తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరం నమ్మాం, ఆ రోజున వేడుకలూ చేశాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు, ప్రకటనలు గాలించి లెక్క సరిచేశారు. బొంబాయి సెన్సార్ సర్టిఫికెట్ వచ్చింది 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా థియేటర్లో తొలి ఆట ఫిబ్రవరి 6న. నిడివి 9,762 అడుగులు. టాకీ ప్రొజెక్టర్లో నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది కాబట్టి గంటా నలభై ఎనిమిది నిమిషాల సినిమా. అయిదు నెలల తేడా చిన్నదే కావచ్చు. కానీ సర్టిఫికెట్ లేకుండా ఆట వేయడమే నేరమైన కాలంలో, పుట్టకముందే పుట్టినరోజు చేశామన్నమాట.

రక్తసంబంధం ఎలాగూ ఫ్లెక్సీలో కనబడుతుంది. శిష్యరికానికి ఇంటిపేరు ఉండదు, దాన్ని తవ్వి తీయాల్సిందే. వెంకయ్య, ప్రకాశ్‌ల దగ్గర పని నేర్చుకున్న సి. పుల్లయ్య 1934లో ‘లవకుశ’ తీశారు. సుమారు పాతికేళ్లకు అదే కథను రంగుల్లో మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేయలేకపోతే, కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. 1963లో ఆంధ్రదేశమంతా బళ్లు కట్టుకుని వెళ్లి చూసింది ఆ సినిమానే.

ఇంకో కొమ్మ వై.వి. రావు. నెల్లూరు మనిషి. ప్రకాశ్ మూకీల్లో నటుడు. 1934లో తొలి కన్నడ టాకీ ‘సతీ సులోచన’కు దర్శకుడు, తర్వాత తమిళంలో ‘చింతామణి’, తెలుగులో ‘మళ్లీ పెళ్లి’. ఈయన కూతురే నటి లక్ష్మి. తండ్రికి సినిమా నేర్పిన స్కూలు ఎప్పుడో మద్రాసులో మూతపడింది. 2019లో రామానాయుడి సురేశ్ ప్రొడక్షన్స్ వాళ్ల ‘ఓ బేబీ’లో, డెబ్బై ఏళ్ల బేబీగా హాలంతా నవ్వించింది ఈ లక్ష్మే.