మెఫెడ్రోన్: ఖాట్ ఆకు నుంచి ‘మ్యావ్ మ్యావ్’ వరకు

మత్తుపదార్థాల కేసుల వార్తల్లో ‘ఎండీ’, ‘మ్యావ్ మ్యావ్’ అన్న మారుపేర్లతో వినిపించే పొడి అసలు పేరు మెఫెడ్రోన్. ఇది కృత్రిమ కాథినోన్ల వర్గానికి చెందిన ఉత్తేజకం. యెమెన్, ఇథియోపియా దేశాల్లో తరతరాలుగా నమిలే ఖాట్ ఆకులోని కాథినోన్ దీనికి మూలరూపం.

ఆంఫెటమైన్ అణువుకు, దాని బెంజీన్ వలయాన్ని ఆనుకొని ఉన్న కార్బన్ వద్ద, ఒక ఆక్సిజన్ పరమాణువు ద్విబంధంతో చేరితే అది కాథినోన్. ఆ కాథినోన్‌లో నైట్రోజన్ మీద ఒకటి, వలయం మీద మరొకటి మిథైల్ సమూహం చేరితే మెఫెడ్రోన్.

మెదడులో నాడీకణాలు తాము విడుదల చేసిన డోపమైన్, సెరటోనిన్, నారడ్రినలిన్‌లను కొన్ని వాహక ప్రోటీన్ల ద్వారా తిరిగి లోపలికి తీసుకుంటాయి. మెఫెడ్రోన్ ఆ వాహకాలనే ఎదురు నడిపిస్తుంది. లోపలి నిల్వలు బయటకు పొర్లుతాయి. ఉల్లాసం త్వరగా వస్తుంది, రెండు మూడు గంటల్లోనే దిగిపోతుంది. అసలు ప్రమాదం ఈ స్వల్పకాలికతలోనే ఉంది. దిగుతున్న ఉల్లాసాన్ని నిలుపుకోవాలని ఒకే రాత్రి పలుమార్లు తీసుకునేవారు ఎక్కువ. గుండె దడ, రక్తపోటు, తీవ్ర ఆందోళన, భ్రాంతులు, మూర్ఛ, అదుపు తప్పిన శరీర ఉష్ణోగ్రత దాని పర్యవసానాలు.

దీన్ని మొదట 1929లో తయారుచేశారు. దశాబ్దాలపాటు ఎవరికీ పట్టని ఈ రసాయనం 2000 తర్వాత ఐరోపాలో ‘మొక్కల ఎరువు’గా, ‘మనుషుల వినియోగానికి కాదు’ అన్న ముద్రతో అమ్ముడైంది. కొన్నవారెవరూ దాన్ని మొక్కలకు వేయలేదన్నది వేరే సంగతి! బ్రిటన్ 2010 ఏప్రిల్‌లో నిషేధించింది. భారత ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి తెచ్చింది. 2 గ్రాముల వరకు స్వల్ప పరిమాణం. 50 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, దానికి కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం.

దీనికి ప్రత్యేక విరుగుడు మందు లేదు. బెంజోడయాజెపైన్‌లతో ఉద్రేకాన్ని తగ్గించడం, శరీరాన్ని చల్లబరచడం, గుండెను గమనిస్తూ ఉండడమే చికిత్స. ఆంఫెటమైన్ల కోసం చేసే సాధారణ మూత్ర పరీక్షలో ఇది దొరక్కపోవచ్చు. అందువల్ల రోగి ఏం తీసుకున్నాడో తెలిసిన స్నేహితులు, బంధువులు కేసుకు భయపడి దాచకుండా వైద్యుడికి వెంటనే చెప్పడం ముఖ్యం. వ్యసనం నుంచి బయటపడాలనుకునేవారికి 14446 జాతీయ సహాయవాణి ఉచితంగా అందుబాటులో ఉంది.