పదిమంది పొత్తు – కూలివాని రాబడి

చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధములు మనకు జ్ఞాపకము వచ్చును. కాని ఒక కూలివాని చేతికి సాయంకాలమున ఎంత వచ్చినది, ఎందుకు అంతే వచ్చినది అన్నది కూడ చరిత్రయే. చెరువు నిండిన యేడు పని, ఎండిన యేడు వలస అన్నట్లు బ్రతికిన నర్మెట్ట, జనగామ ప్రాంతమున ఈ ప్రశ్న చిన్నది కాదు.

ఆస్తి లేనివానికి ఉన్న ఆస్తి తనను నమ్మే పదిమందియే. అమెరికాలో గ్రామీణ పాఠశాలల పర్యవేక్షకుడైన ఎల్. జె. హానిఫన్ 1916లో దీనిని ‘సామాజిక మూలధనం’ అన్నాడు. పేరు క్రొత్తది, సంగతి మన పల్లెలకు పాతది.

నిజాం కాలపు వెట్టిని చూడండి. కుమ్మరి కుండలు, చాకలి చాకిరి, మాదిగ చెప్పులు, గీత కార్మికుని కల్లు – అన్నియు దొర గడీకి ఉచితముగా చేరవలసినదే. ప్రతి కులమునకు దొరతో ముడి ఉన్నది గాని, ఒకరితో ఒకరికి ముడి లేదు. అందుచేత ఒంటరిగా ‘చేయను’ అనగలవాడు లేకపోయెను. ఆంధ్రమహాసభను ప్రజలు ‘సంఘం’ అని పిలుచుకొని అందులో చేరినప్పుడు ఆ అడ్డముడి పడినది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన తరువాత జనము ఊరూరా గుంపులుగా కదిలిరి. అనేక గ్రామములలో వెట్టి ఆగిపోయినది. పనితనము పెరిగి కాదు, పొత్తు కుదిరి వారి శ్రమకు విలువ వచ్చినది.

నాట్ల కాలమున ఈ లెక్క నేటికిని కనబడును. విడివిడిగా వెళ్లిన స్త్రీకి ఇచ్చినదే కూలి. గుంపుగా ఎకరమునకు గుత్త మాట్లాడుకొన్నవారికి బేరము చేయుటకు బలమున్నది. కాని ఆ గుంపులో చేరునది ఎవరు? చుట్టాలు, ఆ వాడవారు. చుట్టాలు లేని వితంతువు బయటనే నిలుచును. జనగామలో రైలెక్కి హైదరాబాదు వెళ్లినవానికి ముందు వెళ్లిన ఊరివాడే పని చూపించును. అయితే మట్టి మోసేవాడు మట్టి మోసే పనినే చూపగలడు. అట్టి పొత్తు ఆకలి తీర్చును గాని మెట్టు ఎక్కించదు.

పొత్తును తాకట్టు పెట్టినచో మరియొక ప్రమాదము కలదు. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమము వెనుక స్త్రీలు రోజుకొక రూపాయి పొదుపు ప్రారంభించిరి. ఆ పొదుపు వారిది, నిర్ణయము వారిది. తరువాత వచ్చిన కొన్ని సూక్ష్మఋణ సంస్థలు అదే నమ్మకమును పూచీగా మార్చెను: ఒకరు కట్టనిచో మిగిలినవారు కట్టవలెను. ఇరుగుపొరుగువారే వసూలు చేయువారైరి. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది.

కావున పొత్తు దానంతట అదే మంచిది కాదు, చెడ్డది కాదు. త్రాడు బావిలో పడినవానిని పైకి లాగును. అదే త్రాడు కాళ్లను కట్టివేయును. త్రాడు కొస ఎవరి చేతిలో ఉన్నది, గుంపు బయట ఎవరు నిలిచియున్నారు – మన ఊరి చరిత్ర వ్రాయదలచిన యువకులు ముందు ఈ రెండు ప్రశ్నలు అడుగవలెను. జవాబులు దస్తావేజులలో కన్న, నాటు వేసి వచ్చిన ముసలమ్మల నోట ఎక్కువగా దొరకును. వారుండగానే అడుగుట మేలు.