పలాస 1978 (సినిమా)

పలాస 1978, 2020 మార్చి 6న విడుదలైన తెలుగు సినిమా. శ్రీకాకుళం జిల్లా పలాసలో జరిగిన వాస్తవ సంఘటనల ఆధారంగా అల్లిన నేర కథ ఇది. దర్శకుడు కరుణ కుమార్‌కు ఇదే మొదటి సినిమా. ధ్యాన్ అట్లూరి నిర్మించగా, తమ్మారెడ్డి భరద్వాజ సమర్పించాడు. రక్షిత్, నక్షత్ర, తిరువీర్, రఘు కుంచె ముఖ్య పాత్రధారులు.

నేపథ్యం

విశాఖపట్నంలో మద్దిలపాలెం మీదుగా సాగే 16వ జాతీయ రహదారి వెంట ఉత్తరంగా దాదాపు 200 కి.మీ. వెళితే పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలు వస్తాయి. జీడిపప్పు వ్యాపారానికి పలాస పెట్టింది పేరు. ఉద్దానం తోటల్లో పండిన జీడిపిక్కలను ఇక్కడి కార్ఖానాల్లో కొట్టి పప్పు తీస్తారు. పిక్క తొక్కలో ఉండే జీడి అంటితే చర్మం కాలి పొక్కుతుంది. ఈ పని చేసే కూలీల్లో ఎక్కువమంది స్త్రీలు. లాభం షావుకారుకు, కాలిన చేతులు కూలీకి మిగిలే ఈ ఏర్పాటును గుర్తుపెట్టుకుంటే సినిమాలోని హింస ఎక్కడినుండి పుట్టిందో తేలికగా తెలుస్తుంది.

కథ

మోహనరావు (రక్షిత్), రంగారావు (తిరువీర్) అన్నదమ్ములు. అణగారిన కులానికి చెందిన జానపద కళాకారుని కొడుకులు. ఊరి పెత్తనం షావుకార్లది. వారిలోనూ పెద్ద షావుకారుకు, చిన్న షావుకారు గురుమూర్తికి (రఘు కుంచె) పడదు. అవమానాలు భరించలేక ఎదురుతిరిగిన అన్నదమ్ముల తెగువను గురుమూర్తి తన ఎదుగుదలకు వాడుకుంటాడు. కత్తి పట్టినది వీరు, పదవి దక్కినది అతనికి. తమవాడనుకున్న ఆ మనిషే చివరకు శత్రువవుతాడు.

విశేషాలు

తెలుగులో ముఠా కక్షల సినిమాలకు కొదవలేదు. వాటిలో సాధారణంగా నాయకుడు పెత్తందారు ఇంటి బిడ్డ, చచ్చేవారు అతని అనుచరులు. ఈ సినిమా ఆ అనుచరుల వైపునుండి కథ చెబుతుంది. ఇక్కడ రౌడీతనం కూడా ఒక కూలిపనే. హత్యలు చేసి ఎంత పేరు తెచ్చుకున్నా మోహనరావు కులం మారదు, అతనిని చూసే చూపూ మారదు. ద్వితీయార్ధంలో కథ కొంత సాగినట్లు అనిపించినా ఈ పట్టు మాత్రం సడలలేదు.

పాత్రలు మాట్లాడేది శ్రీకాకుళం యాస. తెలుగు తెరపై చాలాకాలం నవ్వించడానికే పనికివచ్చిన ఆ యాసలో ఇక్కడ నాయకుడు కోపగించుకుంటాడు, ఏడుస్తాడు. రెండేళ్ళ ముందు, 2018లో, విశాఖపట్నం కంచరపాలెంలో తీసిన కేరాఫ్ కంచరపాలెం కూడా స్థానిక భాషకు ఇటువంటి గౌరవమే ఇచ్చింది. అయితే అది ప్రేమకథల సినిమా.

ప్రతినాయకునిగా నటించిన రఘు కుంచె సంగీతం కూడా సమకూర్చాడు. ఉత్తరాంధ్ర జానపద గీతం "నక్కిలీసు గొలుసు" సినిమాకంటే ఎక్కువ దూరం ప్రయాణించి, పెళ్ళి ఊరేగింపులలోనూ, నృత్య పోటీలలోనూ వినబడింది.

విడుదల, తరువాత

విడుదలైన రెండు వారాలలోపే కరోనా కారణంగా తెలుగు రాష్ట్రాలలో సినిమా హాళ్ళు మూతపడ్డాయి. నోటి మాటతో నడవవలసిన చిన్న సినిమాకు అది పెద్ద దెబ్బ. చాలామంది దీనిని ఆ తరువాత ఇళ్ళలోనే చూశారు. కరుణ కుమార్ 2021లో శ్రీదేవి సోడా సెంటర్, 2024లో విశాఖపట్నం నేపథ్యంగా మట్కా సినిమాలకు దర్శకత్వం వహించాడు.