నలభై దాటాక ఈత.. యాభై దాటాక సాగరయానం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఈత అంటే బావి, లేదంటే చెరువు. అదీ నీరున్న ఏడాదే. చిన్ననాడే నేర్వాలి, వయసు మీరితే రాదని పల్లెల్లో అంటుంటారు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల విషయంలో ఆ మాట తప్పింది. హైదరాబాద్‌లో యానిమేషన్ రంగంలో పనిచేసిన ఆమెకు తొలుత నీళ్లంటే భయం. ఈత నేర్చింది నలభై దాటాకే.

2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోడి తీరం వరకు పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్ల దూరాన్ని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 2004లో ఇదే జలసంధిని దాటిన బెంగాల్ ఈతగత్తె బులా చౌదరి తర్వాత ఈ ఘనత సాధించిన రెండో మహిళగా గుర్తింపు పొందారు.

ఈత కొలనులో అలసితే గట్టు పట్టుకోవచ్చు. జలసంధి ఈతలో వెంట వచ్చే పడవను ఆసరాగా పట్టుకుంటే ఆ ఈత లెక్కకు రాదు. ఆహారం, మంచినీరు సైతం అలలపై తేలుతూనే అందుకోవాలి. జెల్లీ చేపల బెడద, ఎదురు ప్రవాహం సరేసరి.

2024 డిసెంబరు చివర్లో విశాఖపట్నం నుంచి బయలుదేరి, రోజుకు కొంత చొప్పున సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ తీరం చేరారు. అప్పటికి ఆమె వయసు 52 ఏళ్లు.