వేంగి రాజులు

ఏలూరు దగ్గరి వేంగీపురం, అంటే నేటి పెదవేగి, కేంద్రంగా కృష్ణా గోదావరుల నడిమి దేశాన్ని క్రీ.శ. 4వ శతాబ్దం నుంచి 11వ శతాబ్దం దాకా ఏలినవారిని వేంగి రాజులంటారు. శాలంకాయనులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు ఒకరి తరవాత ఒకరు ఈ నేలను పాలించారు. మండవల్లి, కైకలూరు వైపున ఉన్నవారికి ఈ పాత రాజధాని కొల్లేటికి అవతల పడుతుంది. సరస్సు దాటి ఏలూరు చేరి, అక్కడినుంచి ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లాలి.

రాజుల చరిత్ర అనగానే అందరి మనసులో ముందు మెదిలేది ఈజిప్టు. అక్కడి ఫరోల శవాలు పదిలంగా ఉన్నాయి, సమాధులు ఉన్నాయి. ఈజిప్టు మమ్మీ ఒకటి హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోనే ఉంది. వేంగి రాజులకు సమాధులు లేవు, నిలిచిన అంతఃపురం లేదు. మిగిలినవి రాగిరేకులు. మూడో అయిదో రేకులకు చిల్లులు వేసి, కడియం దూర్చి, కడియానికి రాజముద్ర పోసేవారు. ఈ రాజులు ఏం చేశారో, ఎలా బతికారో చెప్పేది ప్రధానంగా ఆ రేకులే. ఒకరికి భూమి ఇచ్చిన సందర్భంలో రాసినవి కాబట్టి వాటిలో రాజు ఎప్పుడూ దాతగానే కనిపిస్తాడు. ఈ సంగతి మరవకుండా వాటిని చదవాలి.

శాలంకాయనులు, విష్ణుకుండినులు

శాలంకాయన అన్నది గోత్రనామం. వీరి ముద్ర మీద వృషభం ఉంటుంది, ఇలవేలుపు చిత్రరథస్వామి. తమను ఆ స్వామి పాదాలను ధ్యానించేవారిగా చెప్పుకోవడం వీరి శాసనాల రివాజు. దేవవర్మ అశ్వమేధం చేసినట్టు ఏలూరు ప్రాకృత శాసనం చెబుతుంది. 4వ శతాబ్దంలో దక్షిణాపథానికి దండెత్తిన సముద్రగుప్తుడు తాను ఓడించిన రాజుల్లో వేంగి హస్తివర్మను ప్రయాగ స్తంభం మీద పేర్కొన్నాడు. వేంగి పేరు ఉత్తరాదిన రాతికెక్కిన తొలి సందర్భాల్లో అది ఒకటి. విజయనందివర్మ దానశాసనం ఒకటి కొల్లేటిలో దొరకడంతో దానికి కొల్లేరు శాసనమనే పేరు స్థిరపడింది.

విష్ణుకుండినులలో పెద్దవాడు రెండో మాధవవర్మ. పదకొండు అశ్వమేధాలు చేశాడనీ, హిరణ్యగర్భ దానం జరిపాడనీ వారి శాసనాలు గొప్పగా చెప్పుకున్నాయి. హిరణ్యగర్భంలో రాజు బంగారు గర్భంలోకి ప్రవేశించి, మంత్రాల నడుమ మళ్లీ పుట్టినట్టు బయటికి వస్తాడు. ఆ బంగారాన్ని తరవాత బ్రాహ్మణులకు పంచుతారు. ఈజిప్టులోనూ ముప్పై ఏళ్లు ఏలిన ఫరో సెడ్ ఉత్సవంలో తన సత్తువను తిరిగి పొందినట్టు చూపుకొనేవాడు. రాజు దేహం కొత్తదైతే రాజ్యమూ కొత్తదవుతుందన్న నమ్మకం నైలు ఒడ్డునా గోదావరి ఒడ్డునా ఒక్కలాగే పనిచేసింది. ఈ వంశపు చివరి కాలానికి రాజనివాసం లెందులూరుకు మారింది. అది ఏలూరు పక్కనున్న దెందులూరేనని పండితుల నిర్ణయం.

7వ శతాబ్దం మొదట్లో బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి తూర్పు తీరం మీదికి వచ్చాడు. పిఠాపురం పడింది. తరవాతి యుద్ధంలో కునాల జలాలు మనుషుల నెత్తుటితో ఎర్రబారాయని 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి రాశాడు. ఆ కునాలం మన కొల్లేరే. ఈ నీళ్ల గురించి ఇంత పాత నెత్తుటి మాట మరొకటి కనబడదు. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624 ప్రాంతంలో ఇక్కడ సొంత వంశాన్ని, అంటే తూర్పు చాళుక్య వంశాన్ని, నిలిపాడు. ఆ తరవాత కొద్ది ఏళ్లకే చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశం మీదుగా వెళ్లాడు. రాజధాని చుట్టుకొలత ఇరవై లీలనీ (లీ అన్నది చైనా దూరమానం), దేశంలో ఇరవైకి పైగా బౌద్ధ సంఘారామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారనీ రాసుకున్నాడు.

రాజు పని

మొదటి పని దానం. అప్పుడు రాజు మాట్లాడేది ఆ విషయంలోని, అంటే నేటి జిల్లాలాంటి భాగంలోని, రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబీకులతో. ఇక్కడ రాష్ట్రకూటులంటే ఆ పేరుగల పడమటి శత్రువంశం కాదు, ఊళ్లలోని పెద్ద రైతులు. ఫలానా గ్రామాన్ని సర్వకర పరిహారంగా ఇచ్చాం, మీరంతా తెలుసుకోండి అంటాడు. ఆజ్ఞను అమలు చేసేవాడు ఆజ్ఞప్తి. చాలా దానాలు సూర్యగ్రహణం, చంద్రగ్రహణం, ఉత్తరాయణం వంటి పుణ్యకాలాల్లో జరిగాయి. వంశప్రశస్తి మొత్తం సంస్కృతంలో నడిచినా, పొలిమేరల దగ్గరికి వచ్చేసరికి చెరువులు, పుట్టలు, చెట్లు, గుంటలు తెలుగు మాటల్లో దిగుతాయి. రాజు వైభవం ఏ భాషలో ఉన్నా హద్దు రాయి ఎక్కడుందో రైతుకు తెలియాలి కదా! ఆ శాసనాల్లో నాకు అన్నిటికన్నా విలువైన భాగం అదే.

రెండో పని యుద్ధం. నరేంద్ర మృగరాజు రెండో విజయాదిత్యుడు గంగులతో, రాష్ట్రకూటులతో పన్నెండేళ్లలో 108 యుద్ధాలు చేసి, అన్ని శివాలయాలు కట్టించాడంటారు. ఆ అంకె ఆచారపు అంకెలాగా కనిపించినా, పగలూ రాత్రీ పోరాడాడన్న మాటలో నిజం ఉంది, ఎందుకంటే పడమటి నుంచి రాష్ట్రకూటుల ఒత్తిడి ఆ రోజుల్లో సడలలేదు. గుణగ విజయాదిత్యుడు (సుమారు 848–892) ఆ ఒత్తిడిని తిప్పికొట్టాడు. ఆయన సేనాని పండరంగని అద్దంకి శాసనంలోనే తెలుగు తరువోజ పద్యం మొదటిసారి కనిపిస్తుంది.

ఆ తరవాతి చాళుక్య భీముడి జీవితం అంత సుఖంగా సాగలేదు. రాష్ట్రకూటులకు కొంతకాలం బందీగా ఉండి, విడుదలై పట్టం కట్టుకున్నాడు. నిరవద్యపురం, పెరువంగూరు యుద్ధాల్లో గెలిచాడు గాని పదహారేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. నిరవద్యపురమే ఇవాళ్టి నిడదవోలు. ఆ భీముడే సంగీతంలో దిట్ట అయిన చల్లవ అనే స్త్రీకి అత్తిలిలో భూమి ఇచ్చాడు. ఆమె తండ్రి మల్లపను శాసనం తుంబురుడితో పోల్చింది. రాగిరేకు మీద పాటగత్తె పేరు నిలవడం అరుదైన సంగతి. కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడ జైన బసదికి ఊరు ఇచ్చింది, చామెకాంబ అనే స్త్రీ కోరిక మీద రెండో అమ్మరాజు జినాలయానికి కలుచుంబర్రు గ్రామాన్ని ఇచ్చాడు. శైవ రాజుల కొలువులో స్త్రీల మాటకూ జైనులకూ ఉన్న చోటు ఈ దానాల్లో తెలుస్తుంది.

ఏళ్ల లెక్క

తూర్పు చాళుక్యుల శాసనాల్లో, 10వ శతాబ్దం నాటికి బాగా స్థిరపడిన అలవాటొకటి ఉంది. దాన విషయానికి ముందు పూర్వీకులందరినీ ఏలిన కాలంతో సహా వరసగా చెబుతారు. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్ర భట్టారకుడు 7 రోజులు, కొక్కిలి 6 నెలలు. ఈజిప్టులో క్రీ.పూ. 13వ శతాబ్దపు ట్యూరిన్ పపైరస్ కూడా రాజుల కాలాన్ని ఇలాగే ఏళ్లు, నెలలు, రోజులుగా రాసింది.

భీముడు పోయాక ఈ లెక్క భయం పుట్టిస్తుంది. నాలుగో విజయాదిత్యుడికి 6 నెలలు. మొదటి అమ్మరాజుకు 7 ఏళ్లు. పసివాడైన అయిదో విజయాదిత్యుడికి పక్షం రోజులు. అతణ్ని దించిన తాళరాజుకు ఒక నెల. తాళరాజును చంపిన విక్రమాదిత్యుడూ ఏడాది దాటలేదు. వారసుల కొట్లాటల్లోకి రాష్ట్రకూటులు వేలు పెట్టారు. బిరుదులు మాత్రం మారలేదు. దీర్ఘకాలం ఏలినవాడికీ పక్షం రోజులు ఏలిన పిల్లవాడికీ అదే వరాహ లాంఛనం.

973లో చాళుక్య రాజు దానార్ణవుణ్ని చంపి పెదకల్లు జటాచోడ భీముడు వేంగిని పట్టుకుని, ఆ శతాబ్దం ముగిసేదాకా ఏలాడు. తరవాతి చాళుక్య శాసనాల్లో అతని ఏలుబడి లేదు. ఆ చోట, దేశం 27 ఏళ్లు నాయకుడు లేకుండా ఉండిపోయిందని మాత్రమే ఉంటుంది. ఈజిప్టులోని అబిడాస్ ఆలయపు రాజుల జాబితాలో హత్షెప్‌సుత్‌నూ అఖెనాతెన్‌నూ ఇలాగే దాటవేశారు.

దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు తంజావూరు చోళుల అండతో తిరిగొచ్చారు. విమలాదిత్యుడు రాజరాజ చోళుడి కూతురు కుందవను పెళ్లాడాడు. వారి కొడుకు రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టం కట్టుకుని రాజమహేంద్రవరం నుంచి ఏలాడు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించాడు. అప్పటికే వేంగి పేరు దేశానిదిగా మిగిలింది గాని ఊరి ప్రాభవం తగ్గిపోయింది. నరేంద్రుడి కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. పెదవేగిలో మిగిలినవి దిబ్బలే. 1980లలో భారత పురావస్తు శాఖ వాటిని తవ్వినప్పుడు ఇటుక కట్టడాలు బయటపడ్డాయి.